మత్తు దిగని మధ్యాహ్నం

ఆ ఉదయం కొక్కేనికి కాఫీ సహించలేదు. తప్పు కాఫీది కాదు, పేపరుది. మూడో పేజీలో ఇన్‌స్పెక్టర్ ఫొటో అరచెయ్యంత వేశారు. కింద "మూడు వందల ఏళ్ల బొమ్మను చెరిపిన చెయ్యి దొరికింది" అని రాశారు. చెయ్యి దొరికిందట! కెమెరాలో పడ్డ చేతిని పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరే కావాలా, ఇంట్లో పిల్లి చాలదా అని కొక్కెం పేపరు మడిచి కుర్చీ కింద పడేశాడు. కాసేపాగి వంగి తీసి, ఆ ఫొటో మళ్లీ చూశాడు.

కొక్కెం అన్నది అసలు పేరు కాదు. అనుమానం ఒకసారి తగిలిస్తే వదలడని పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్లు తగిలించిన పేరు. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. ఫొటోలో నవ్వుతున్న ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు అతని దగ్గర చేరిన కుర్రాడు. కొక్కెం అతన్ని చిన్నోడా అని పిలిచేవాడు. వేలిముద్ర ఎలా ఎత్తాలో, అబద్ధమాడేవాడి ముందు ఎంతసేపు నోరు మూసుక్కూర్చోవాలో చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఏకు మేకైంది. మేకుకి ఇప్పుడు జీపు, డ్రైవరు, పేపర్లో ఫొటో. కడుపు మండదూ మరి? మండింది. ఆ మంటతోనే బయల్దేరాడు.

కేసు చిన్నదే, చిక్కు పెద్దది. గుడ్డ మీద గీసిన పాత రంగుల బొమ్మలను బాగుచేసే వర్క్‌షాపులో ఓ భార్యాభర్తలు పనిచేస్తున్నారు. కిటికీ దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న అమ్మాయి బొమ్మ ఒకటి బాగుచేయడానికి వచ్చింది. అది భార్యకు అప్పగించారు. కిందటి మంగళవారం ఆవిడ ఎండోస్కోపీ చేయించుకుంది. మత్తిచ్చి గొంతులోంచి గొట్టం పంపి కడుపు లోపల చూశారు. అదే మధ్యాహ్నం వర్క్‌షాపు కెమెరాలో ఆవిడ కనిపించింది. బల్ల ముందు కూర్చుని దూదితో బొమ్మ ముఖాన్ని తుడిచేసింది. ఆవిడకు మాత్రం ఆ మధ్యాహ్నమే లేదు. క్లినిక్ మంచం గుర్తుంది, ఆ తర్వాత సాయంత్రం ఇంట్లో సోఫా గుర్తుంది, మధ్యలో సున్నా.

"నేనే చేశానేమో బాబాయిగారూ. వీడియోలో చెయ్యి నాదే. నేను కావాలని చేశానా, నాతో ఎవరైనా చేయించారా, అది ఒక్కటీ తేల్చండి. కావాలనే చేశానని తేలితే నేనే వెళ్లి ఒప్పుకుంటాను" అంది ఆవిడ కొక్కెం దగ్గరకు వచ్చిన రోజు. జైలంటే ఆవిడకు భయం లేదు. తన చేతిని తనే నమ్మలేకపోవడమే ఆవిడ భయం. చేతిని నమ్ముకుని బతికే మనిషికి అంతకంటే ఏం పోవాలి?

వర్క్‌షాపులో భర్తే ఎదురొచ్చాడు. అక్కడ అందరికంటే పాత పనివాడు. భార్యకు పని నేర్పింది కూడా అతనే.

"ఆ రోజు ఆవిడ వెంట ఉన్నది మీరే కదా?"

"నేనేనండి. మత్తు ఇవ్వాలంటే ఇంటి మనిషి వెంట ఉండాలన్నారు."

"క్లినిక్ నుంచి ఎప్పుడు బయల్దేరారు?"

"పన్నెండు దాటాక. ఈ వీధి చివర మందుల షాపు దగ్గర కారాపాను. తను నిద్రపోతోంది. మందులు తీసుకుని వచ్చి చూస్తే కారు ఖాళీ. పరుగెత్తుకుంటూ ఇక్కడికొచ్చాను. అప్పటికే అంతా అయిపోయింది."

"షాపులో ఎంతసేపు పట్టింది?"

"రద్దీగా ఉంది. అరగంట పట్టుంటుంది."

"మత్తు దిగని మనిషిని అరగంట కారులో ఒంటరిగా వదిలేశారు."

"నిద్రపోతోందనుకున్నాను సార్. తప్పే." అతను తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి ముఖంలో చిరునవ్వు ఉంది. "మా ఆవిడది మామూలు చెయ్యి కాదండి. నాకు ఇరవై ఏళ్లు పట్టిన పని నాలుగేళ్లలో పట్టేసింది. ఇంత పెద్ద బొమ్మ నాకివ్వకుండా తనకిచ్చారంటే ఊరికే ఇస్తారా? నేనే అందరికీ చెప్పాను, ఇవ్వాల్సింది తనకేనని. అలాంటి మనిషి ఇలా చేసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. కాకపోతే, మత్తులో మనిషి లోపలున్నది బయటికొస్తుందంటారు కదా."

ఆ పొగడ్త చెవిన పడగానే కొక్కెం తలెత్తి అతన్ని చూశాడు. ఈ గొంతు తనకు తెలుసు. బాగా తెలుసు. మొన్న పాత మిత్రుల విందులో నలుగురి ముందూ "మా చిన్నోడి బుర్ర పాదరసం, వాడికి రావాల్సిందే ఆ పదవి" అని గ్లాసెత్తినప్పుడు తన గొంతు అచ్చం ఇలాగే ఉంది. అడక్కుండానే పొగడటం, పొగడ్త చివర చిన్న ముల్లు గుచ్చడం. పాము కాళ్లు పాముకెరుక. అయితే పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్నదీ సామెతే. తన కడుపులోని కుళ్లును ఎదుటివాడికి అంటగడుతున్నానేమోనని సందేహించి, నోరు మూసుకుని గది చూడటం మొదలుపెట్టాడు.

బల్ల మీద బొమ్మ వెల్లకిలా ఉంది. కిటికీ ఉంది, దారం ఉంది, సూది పట్టిన వేళ్లున్నాయి. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది. కెమెరా బల్లకు సూటిగా పైన ఉంది. బల్లా, దాని ముందు కుర్చీ తప్ప దానికేమీ కనబడదు. గుమ్మం కనబడదు. రంగు కరిగించే సాల్వెంట్ సీసాలుండే అలమర గుమ్మం పక్కనే ఉంది, అదీ కనబడదు.

"ముఖం ఇంతలా లేచిపోవాలంటే ఏం వాడాలి?"

"పై అరలో ఉండే ఘాటు సాల్వెంట్. మేం ఫ్రేముల మీద పాత పెయింటు తీయడానికి వాడతాం. బొమ్మ దగ్గరకు రానివ్వం. బొమ్మలకు వాడేదీ ఇదీ రెండు సీసాలూ ఒక్కలాగే ఉంటాయి, లేబుల్ చూసుకోవాలి."

"ఆవిడ రోజూ పనికి ఎలా కూర్చుంటుందో ఓసారి చూపిస్తారా?"

భర్త గోడ మేకుకి తగిలించిన ఏప్రన్ తీసి మెడలో వేసుకున్నాడు. తాళ్లు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి, పొట్ట మీద ముడి వేసుకున్నాడు.

"ముడి ముందుకేం?"

"సాల్వెంట్ ఒలికితే చటుక్కున విప్పి పారెయ్యాలి సార్. ముడి వెనక ఉంటే తడుముకునేలోపు ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఈ గదిలో ఎవరైనా ఇంతే. మా ఆవిడకి మొదటి రోజు నేర్పిన పాఠం ఇదే." పాఠం గురించి చెబుతున్నప్పుడు మాత్రం అతని ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది.

సాయంత్రం కొక్కెం క్లినిక్‌కు వెళ్లాడు. మత్తు దిగేదాకా రోగుల్ని ఉంచే గది చూసే సిస్టర్ డ్యూటీ దిగి మెట్ల మీద కూర్చుని చెప్పులు మార్చుకుంటోంది. యాభై ఏళ్లుంటాయి. పోలీసులు అప్పటికే రెండుసార్లు విసిగించారేమో, అతన్ని చూడగానే ముఖం చిట్లించింది.

"ఒక్కటే అడుగుతాను సిస్టర్. మత్తిస్తే మనసులోని నిజాలు కక్కేస్తారా?"

"అదే నిజమైతే మా ఇంటాయనకి వారానికోసారి ఇచ్చేదాన్ని" అంది ఆవిడ. కొక్కెం నవ్వాడు. ఆవిడ కూడా కొంచెం మెత్తబడింది. "నోటికొచ్చింది మాట్లాడతారు సార్. అందులో నిజమెంతో కలెంతో వాళ్లకే తెలీదు. ఇది పెద్ద ఆపరేషన్‌కి ఇచ్చే మత్తు కాదు. ఊపిరి తనే తీసుకుంటుంది. పిలిస్తే పలుకుతుంది, పక్కకి తిరగమంటే తిరుగుతుంది. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చూస్తూనే ఉంటాం. అయ్యాక లేచి కూర్చుంటుంది, బిస్కెట్ తింటుంది, డాక్టరుగారితో నవ్వుతూ మాట్లాడుతుంది. మర్నాడు అడిగితే, అసలు డాక్టరుగారు వచ్చారా అంటుంది. జ్ఞాపకం రాసుకునే చెయ్యి ఆ కాసేపు పని మానేస్తుందన్నమాట."

"నడుస్తుందా?"

"కొంచెం తూలుతూ నడుస్తుంది."

"చేతి పని చేస్తుందా?"

"అలవాటైన పనైతే చేతులు చేసుకుపోతాయి. తప్పొప్పులు చూసుకునే బుర్ర మాత్రం ఇంకా దుప్పటి కిందే ఉంటుంది. అందుకే మర్నాటిదాకా బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు, పొయ్యి దగ్గరకు పోవద్దని పదిసార్లు చెప్తాం. వెంట మనిషి లేకపోతే సూదే పెట్టం."

"చెప్పింది చేస్తుందా సిస్టర్? ఎవరేం చెబితే అది?"

ఆవిడ చెప్పు చేతిలో పట్టుకుని ఆలోచించింది. "కీలుబొమ్మేం కాదు. ఇష్టంలేనిది చెబితే విదిలించి కొడుతుంది. ఒకాయన నన్నే తోసేశాడు. కానీ బాగా నమ్మిన మనిషి, రోజూ చేసే పనే చెయ్యమన్నాడనుకోండి, సీసా మీద లేబుల్ చూసే ఓపికెక్కడుంటుంది? అందరికీ ఒకేలా పట్టదు కూడా. ఇంట్లో నిద్రమాత్ర వేసుకుని వచ్చి మాతో చెప్పనివాళ్లుంటారు, వాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది."

"ఆవిడ భర్త ఎలా ఉన్నాడు ఆ రోజు?"

"అంత శ్రద్ధగల మొగుణ్ణి నేను చూళ్లేదు. ఏమీ గుర్తుండదని గ్యారంటీయేనా అని అడిగిందే అడిగాడు. ఎంతసేపటివరకు గుర్తుండదు, నడవగలదా, నేను చెప్పింది అర్థమవుతుందా... భార్యకి నొప్పి గుర్తుండకూడదని ఎంత తాపత్రయమో అనుకున్నాను." అలా అన్నాక సిస్టర్ చెప్పు కింద పెట్టేసి అతని ముఖంలోకి చూసింది. ఆవిడకీ ఏదో తట్టింది.

ఇంటికెళ్తూ కొక్కెం కేసు అప్పగించిన ఆవిడకు ఫోన్ చేశాడు. రేపు కలుద్దామంటే, "రేపు మధ్యాహ్నందాకా దొరకను బాబాయిగారూ" అంది. సరేనని పెట్టేశాడు. ఎందుకు దొరకదని అడగాల్సింది. అడగలేదు. రేపు స్టేషన్లో చిన్నోడి ముందు ఈ కేసు ముడి ఎలా విప్పాలో, వాడి ముఖం ఎలా మాడిపోతుందో, అప్పటికే మనసులో సినిమా నడుస్తోంది. కుళ్లు పట్టిన బుర్రలో రెండో ఆలోచనకు చోటుండదు.

మర్నాడు పన్నెండు కావస్తుండగా ఇన్‌స్పెక్టర్ గదిలో అడుగుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆ మర్యాద కూడా కొక్కేనికి గుచ్చుకుంది.

"రండి గురువుగారూ. వీడియో చూపించమన్నారట. మీకు కాదంటానా? నాకు అక్షరాలు దిద్దించింది మీరు."

తెర మీద భార్య బల్ల ముందు కూర్చుంది. చెయ్యి నిదానంగా, ముద్దుగా, ముగ్గు దిద్దుతున్నట్టు కదులుతోంది. ఆ చేతి కింద అమ్మాయి ముఖం కరిగిపోతోంది. కొక్కెం రెండుసార్లు చూశాడు. మూడోసారి మధ్యలో ఆపమన్నాడు.

"ఏప్రన్ ముడి ఎక్కడుంది?"

"వీపు మీద. అయితే?"

"ఆ గదిలో పనిచేసేవాళ్లంతా పొట్ట మీద వేసుకుంటారు. ఒలికితే విప్పుకోవాలని. ఎవరి ఒంటికి వాళ్లు కట్టుకుంటే ముడి ముందుకొస్తుంది. వెనక నిలబడి ఎవరైనా కడితే, కట్టేవాడి ఎదురుగా ఉండేది వీపు."

"మా ఆవిడ వంటింట్లో రోజూ వెనకే వేసుకుంటుంది."

"మీ ఆవిడ సాల్వెంట్‌తో వండదు."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. కొక్కెం ప్రాణానికి హాయిగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది.

"ఇప్పుడు తల చూడు. తుడవడం ఆపి ఎడమవైపు తిరిగింది, తలూపింది, మళ్లీ తుడిచింది. ఇదిగో, ఇంకోసారి. ఎడమవైపు గుమ్మం ఉంది, కెమెరాకు కనబడదు. ఖాళీ గుమ్మానికి ఎవరైనా తలూపుతారా?"

"మత్తులో ఉన్న మనిషి గోడకైనా ఊపుతుంది. మొగుడు మందుల షాపులో ఉన్నాడు. బిల్లుంది."

"బిల్లు తీసుకోవడానికి అరగంట పట్టదు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "ఒక మాట చెప్పనా? కోపం తెచ్చుకోకండి. మీకు నేనంటే కుళ్లు గురువుగారూ. నేను ఏ కేసు పట్టినా అందులో తప్పు వెతకందే మీకు అన్నం అరగదు. ఊరంతా అనుకుంటున్నదే నేను పైకి అంటున్నాను."

కొక్కెం తెర మీంచి చూపు తిప్పి అతని వైపు చూశాడు.

"అవును, ఉంది" అన్నాడు. "నేను నేర్పినవాడు నన్ను మించిపోతే నిద్రపట్టదు నాకు. అందుకే చెబుతున్నాను, విను. ఆ మొగుడు నేర్పిన భార్యకి, అతనికి రావాల్సిన బొమ్మ ఇచ్చారు. అతను భార్యను పొగుడుతుంటే నాకు నా గొంతే వినిపించింది. ఆ రోగం నాకుంది కాబట్టే లక్షణాలు తెలుసు. నేను పేపరు విసిరేసి ఊరుకునే రకం. అతను అక్కడితో ఆగలేదు."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం మెత్తబడ్డాడు. కానీ చేతిలో తురుపుముక్క ఉన్నవాడు ఎంతసేపు ఆగుతాడు? ఫోన్ తీసి బల్ల మీద జరిపాడు.

"మీ రోగం సంగతేమో గానీ కేసు అయిపోయింది. ఆవిడే ఒప్పుకుంది. మొగుడే పంపాడు, పాపం, ఏడుస్తూ. అరగంటైంది వచ్చి."

వీడియోలో భార్య ముఖం దగ్గరగా ఉంది. మెత్తగా నవ్వుతోంది. "నేనే చెరిపాను. తెలిసే చెరిపాను. ఆ పని నా వల్ల కాదని భయమేసింది. అందరికీ ముఖం చూపించలేను." మాటలు ముద్దముద్దగా ఉన్నాయి గానీ అర్థమవుతున్నాయి. పక్కనుంచి మగగొంతు మెల్లగా అంది, "చివరిది ఇంకోసారి చెప్పు." ఆవిడ బుద్ధిగా చెప్పింది. "అందరికీ ముఖం చూపించలేను. నాకు బతకాలని లేదు." నుదుటి మీద జుట్టు పక్కకు తోసుకోవడానికి చెయ్యెత్తింది.

కొక్కెం ఫోన్ లాక్కుని ఆ చేతి దగ్గర వీడియో ఆపాడు. వేలికి క్లిప్పుంది. మణికట్టు పైన తెల్ల టేపు, టేపు కింద సన్నటి ప్లాస్టిక్ గొట్టం.

"సూది ఇంకా చేతిలోనే ఉందిరా" అన్నాడు. "ఇది ఇల్లు కాదు, మత్తు దిగేదాకా ఉంచే గది."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారింది. కొక్కెం అప్పటికే సిస్టర్‌కు ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో ఆవిడ గొంతు కంగారుగా ఉంది. "ఇవాళ మళ్లీ చేశాం సార్. మొన్న పరీక్షకు తీసిన ముక్క సరిపోలేదని నిన్ననే వాళ్లకి ఫోన్ చేశారట, లిస్టులో పొద్దున్నే ఆఖర్న చేర్చారు, నాకూ ఆవిడ వచ్చాకే తెలిసింది. మొన్నటంత మందుకే ఈసారి బాగా ఎక్కువ మత్తు పట్టింది, ఇంట్లో మాత్రేదైనా వేశారా అని అడిగాను, లేదన్నాడాయన. ఇంకా గంట ఉంచాలని చెప్పాను. నేను ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీ. నేనే మీకు చేయబోతున్నాను."

కొక్కెం ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నందాకా దొరకనంది. తను అడగలేదు.

"ఆవిడ రేపు లేచి, ఇవేవీ నేను అన్న మాటలు కావంటే ఆ వీడియో ఎందుకూ పనికిరాదు" అన్నాడు. "లేవకపోతేనే పనికొస్తుంది."

ఇన్‌స్పెక్టర్ టోపీ, జీపు తాళాలు అందుకున్నాడు. కొక్కెం ఆవిడ నంబరు నొక్కాడు. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఎత్తింది.

"బాబాయిగారూ" అంది, పండగలాంటి సంతోషంతో.

"ఎక్కడున్నావమ్మా?"

"కారులో. చల్లగా ఉంది."

"మీ ఆయన పక్కనున్నారా?"

"లేరు. దిగారు. ఇక్కణ్ణుంచి నువ్వే నడుపు, నీకు అలవాటైన దారేగా అన్నారు. కొండ మీద రోడ్డు. కింద నీళ్లు ఎంత బాగున్నాయో."

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగిపోయాడు. కొండ మీది చెరువు రోడ్డుకు జీపులో పావుగంట. ఎంత తరిమినా పావుగంటే.

"అమ్మా, నా మాట విను. తాళం తిప్పి ఇంజను ఆపెయ్యి. కారు దిగి రోడ్డు పక్కన కూర్చో. నేను వస్తున్నాను."

"తాళం ముట్టుకోవద్దన్నారు." ఆవిడ గొంతులో చిన్నపిల్ల సందేహం. "ఆయన చెప్పినట్టే చెయ్యాలిగా. నాకు పని నేర్పింది ఆయనే."

"ఈ ఒక్కసారికీ వద్దమ్మా. నువ్వు ఇవాళ బండి నడపకూడదు. సిస్టర్ చెప్పింది కదా? గుర్తు తెచ్చుకో."

అవతల ఇంజను మోగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో ఎవరికో కేకలు వేస్తూ మెట్లు దిగుతున్నాడు. కొక్కెం ఫోన్ చెవికి అదుముకుని వెనకే పరుగెత్తాడు.

"ఏ సిస్టర్?" అంది ఆవిడ మెల్లగా. "అద్దంలో ఆయన కనిపిస్తున్నారు బాబాయిగారూ. వెళ్లమని చెయ్యూపుతున్నారు."

గేరు పడిన చప్పుడు వినిపించింది.